కాపలాకుక్కకు విడువని దురద: కారణమును కనుగొనుట, ఉపశమనము

వరంగల్ జిల్లా రైతులకొఱకు ఉపన్యాసము



ఎద్దు ఒకపూట మేత మానినచో ఆనాడే పశువైద్యుని పిలుచు పట్టాదారు, వాకిటిలో రాత్రియంతయు గోకికొనుచు మూలుగు కుక్కను చూచి, దాని కది అలవాటే యని ఊరకుండును. మిరపకల్లమునకును, మోటారు బావికిని, మేకలదొడ్డికిని కాపలా యుండునది ఆ కుక్కయే గదా! నిద్రలేని కుక్క కాపలా కాయజాలదు. గోకి గోకి పుండైన చర్మముపై ఈగలు వ్రాలి పురుగులు పడును. అంతకంటె చెడ్డ సంగతి మఱియొకటి కలదు. దురద మాన్పుదమని ఇంటనున్న పత్తిమందును పూసినచో తెల్లవాఱునప్పటికి కుక్కయే ఉండకపోవచ్చును. ఈ ప్రసంగమునకు ముఖ్యకారణ మిదియే.

దురద రోగము కాదు, రోగమునకు గుర్తు. హద్దురాళ్లను చూడకయే పొలము తగవు తీర్చుట యెట్టిదో, కారణము నరయక మందు పూయుట యట్టిది. కుక్క ఎచ్చట గోకికొనుచున్నది? ఎన్నాళ్లనుండి? ఇంటిలోని మనుష్యులకు గాని ఇతర జంతువులకు గాని దురద కలదా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము తెలిసినచో సగము పని యైనట్లే.

తోక మొదటను, నడుము వెనుకను, తొడల లోపలివైపునను కొఱుకుకొనుచున్న యెడల మొదట దుముకుపురుగును అనుమానింపవలెను. ఇది పేనును కాదు, పిడుదును కాదు. నువ్వుగింజకంటె చిన్నదై, నలుపు కలసిన యెఱుపు రంగుతో, ఇరుప్రక్కల నొక్కినట్లు పలుచగా నుండి, వెండ్రుకలను పాయదీయగనే దుమికి మాయమగును. పురుగు కంటబడకున్నను దాని మలము కంటబడును. తెల్లని గుడ్డను తడిపి పఱచి, దానిపై కుక్కను నిలిపి, సన్నపండ్ల దువ్వెనతో దువ్వవలెను. రాలిన నల్లని నలుసులు తడిగుడ్డపై ఎఱ్ఱగా కరగినచో అది మట్టి కాదు. పురుగు త్రాగి విసర్జించిన రక్తము. కొన్ని కుక్కల చర్మమునకు ఈ పురుగు ఉమ్మి సరిపడదు. అట్టి వానికి ఒకటి రెండు కాట్లే చాలును, దినములకొలది దురద తగ్గదు.

పెద్దపురుగులు మాత్రమే కుక్కపై నుండును. గ్రుడ్లు జాఱి కుక్క పండుకొను గోనెసంచిలోను, గడ్డిలోను, మట్టిలోను పడును. పిల్లపురుగులు అచ్చటనే పెరిగి, గూళ్లు కట్టుకొని, వెచ్చదనమో అలికిడియో తగులువఱకు నెలల తరబడి కాచుకొనగలవు. మృగశిర దాటి గాలిలో తేమ హెచ్చినప్పుడు గ్రుడ్డు పెద్దపురుగగుటకు మూడు నాలుగు వారములు చాలును. కావున ఒకమాఱు మందు వేసి, పురుగు పోయినదని తలంచుట తప్పు. మూడు మాసములైనను విడువక మందు వాడవలెను. పక్కగుడ్డను వారమున కొకమాఱు మరగు నీటిలో ఉడికించి ఎండలో వేయవలెను. పాతగోనెను కాల్చివేయుటయే మేలు.

చెవుల లోపలను, మెడక్రిందను, వ్రేళ్ల సందులందును గోకికొనుచున్నచో పిడుదుల కొఱకు వెదుకవలెను. రక్తము త్రాగి ఉబ్బిన ఆడపిడుదు కుక్కను విడిచి, గోడ నెఱ్ఱెలలోను, దూలముల సందులలోను దూఱి వేలకొలది గ్రుడ్లు పెట్టి చచ్చును. ఆ పిల్లలు కుక్కపై కెక్కి, త్రాగి, దిగి, పెరిగి, మరల నెక్కుచుండును. ఆకలితో మాసములకొలది బ్రదుకగలవు. గోడను చూడక కుక్కను మాత్రమే చూచువాడు వేసవియంతయు పిడుదులను ఏఱుకొనుచునే యుండును. నెఱ్ఱెలను మట్టితోనో సిమెంటుతోనో పూడ్చి సున్నము వేయించుట మందుతో సమానమైన పని.

పిడుదు రక్తమును త్రాగుటయే కాదు, రోగమును ఎక్కించును. అమెరికాలో పశువులకు వచ్చిన టెక్సాస్ జ్వరము పిడుదువలననే వ్యాపించునని థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అనువారు 1893వ సంవత్సరమున ప్రకటించిరి. నాలుగేండ్లకు, 1897వ సంవత్సరమున, సికిందరాబాదులోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. కుక్కలకును పిడుదుల వలన జ్వరములు వచ్చును. మేత మాని, చిగుళ్లు పాలిపోయి, మూత్రము ఎఱ్ఱనై గాని, ముక్కునుండి రక్తము కాఱి గాని యున్న యెడల ఒకదినమైనను ఆగరాదు. పిడుదును తీయునపుడు చర్మమునకు ఆనించి చిమటాతో పట్టి తిన్నగా లాగవలెను. గోళ్లతో నలుపరాదు, సబ్బునీటిలో వేయవలెను.

మూడవది గజ్జి. చెవుల అంచులు, మోచేతులు, పొట్ట వెండ్రుకలు రాలి, పొరలు కట్టి, రేయింబవళ్లు ఓర్వరాని దురద పుట్టును. చెవి అంచును బొటనవ్రేలితో మెల్లగా రుద్దినచో వెనుకకాలు తనంత తానే గోకుచున్నట్లు కదలుట దీనికి మంచి గుర్తు. ఇంటివారి చేతులపైనను నడుమునను దద్దులు లేచినచో అనుమానము మఱింత బలపడును. చర్మమును తొలిచి కాపురముండు ఈ సూక్ష్మజీవి గజ్జికి కారణమని ఇటలీ దేశస్థుడగు బొనోమో 1687వ సంవత్సరముననే వ్రాసెను. అయినను నేటికిని గజ్జికి రక్తదోషము కారణమనువారు గ్రామములలో కలరు. కుక్కగజ్జి మనుష్యులపై నిలువదు, కుక్కకు నయమైన పిమ్మట తగ్గిపోవును. ఇంటనున్న కుక్కలన్నిటికిని ఒకేసారి వైద్యము చేయవలెను.

కుక్కపిల్లల ముఖముపై దురద లేకుండనే వెండ్రుకలు రాలుట వేఱొక జాతి పురుగు పని, అది అంటదు. గుండ్రని మచ్చలు తామర కావచ్చును. అది మనుష్యులకును అంటును. పురుగేదియు లేదని తేలిన పిమ్మటను పాదములు నాకుకొనుచు, చెవులు గోకికొనుచు నుండినచో ఆహారమో, పుప్పొడియో, ధూళియో సరిపడుట లేదని తలంపవలెను. అంతకుముందు ఎన్నడు తినని ఆహారము నొక్కదానినే ఎనిమిది వారములు పెట్టి చూచుట దీనికి పరీక్ష. ఇంటిలోని పిల్లలు చాటుగా రొట్టెముక్క వేయకుండ కాపాడుట ఇందులోని కష్టము.

మాని యుండవలసిన మందులను గూర్చి కొంత వివరముగా చెప్పవలసియున్నది. ఈ జిల్లాలో పత్తియు మిరపయు ముఖ్యపంటలు గనుక పురుగుమందు డబ్బా లేని ఇల్లరుదు. చేనిపురుగును చంపు మందు కుక్కపురుగును చంపదా యని యోచించుట సహజమే. చంపును, కుక్కను గూడ చంపును. ఆ మందులలో పెక్కు నరములపై పనిచేయు విషములు. చర్మముద్వారా లోని కింకును. కుక్క నాకుకొనుటచే కడుపులోనికిని పోవును. దానిని నిమురు పిల్లవాని చేతికిని అంటును. వెనుకటి తరమువారు పశువుల పిడుదులకు చల్లిన గమాక్సిన్ పొడి 1997వ సంవత్సరమున నిషేధింపబడినది. ఎండోసల్ఫాన్ 2011వ సంవత్సరమున సుప్రీంకోర్టు ఆజ్ఞచే నిలిచిపోయినది. అటకపై పాతడబ్బా మిగిలియున్నచో కుక్కకొఱకు దానిని దింపరాదు. యంత్రముల మడ్డినూనె, కిరసనాయిలు, పొగాకు కషాయము సైతము విషములే.

దురద ఆగు సూదిమందు వేయుడని అడుగుటయు తొందరపాటే. అట్టి మందు కొన్నాళ్లు దురదను అణచును గాని, గజ్జియు తామరయు ఉన్నచో లోలోపల వ్యాపింపజేయును. ఐవర్‌మెక్టిన్ అను మందు గొప్పదే. దానిని వెలువరించిన ఒమురా, క్యాంప్‌బెల్ అను శాస్త్రజ్ఞులకు 2015వ సంవత్సరమున నోబెల్ బహుమానము లభించినది. కాని పశువులకై అమ్ము సీసానుండి అంచనాతో కుక్కకు వేయుట అపాయము. మోతాదు మించినచో వణకు, గ్రుడ్డితనము, మరణము కలుగవచ్చును. కొన్ని విదేశీజాతి కుక్కలకు కొలదిపాటిదియు పడదు. పిడుదులను, దుముకుపురుగులను, గజ్జిని గూడ పోగొట్టు మాత్రలు ఇప్పుడు దొరకుచున్నవి. అవి కుక్క తూకమును బట్టి వైద్యుడు నిర్ణయింపవలసినవి.

వైద్యుని చేరులోపల చల్లని నీటితో కడిగి ఆరబెట్టుట, గోళ్లు కత్తిరించుట, పుండుపై ఈగ వ్రాలకుండ చూచుట చాలును. పాతకాటు మానిన చోటనే మరల మరల కొఱుకుకొనుచు, కుక్క స్వభావము మాఱినచో దానిని తాకరాదు. పిచ్చికుక్క కఱచిన చరిత్ర ఉన్నదేమో విచారింపవలెను.

మండలములయందు పశువైద్యశాలలు కలవు. వరంగల్ సమీపమున మామునూరులో పశువైద్య కళాశాల కలదు. పోవునపుడు కుక్క ఏమి తినుచున్నది, ఎచ్చట పండుకొనుచున్నది, అంతకుముందు ఏ మందు పూసితిరి అను సంగతులను దాచక చెప్పవలెను. పత్తిమందు పూసియే యున్నచో, చొంగ కాఱుట, వణకు, ఊపిరి యాడకుండుట కనబడు వఱకు ఆగక, చేతులకు తొడుగులు వేసికొని, సబ్బునీటితో కుక్కను పలుమాఱులు కడిగి, ఆ డబ్బాను గూడ వెంట తీసికొని పోవలెను. డబ్బాపై పేరును చూచినగాని వైద్యుడు విరుగుడును నిర్ణయింపజాలడు.