పెరటిలో పొట్టి టమాట రకముల సాగు
(మేడిపల్లి ప్రాంతపు రైతుల కొరకు ఉపన్యాస పాఠము)



వరి, పసుపు, మక్క పండించుటలో మీకు క్రొత్తగా నేర్పవలసినది స్వల్పము. అయినను ఇంటి కూరకు కావలసిన టమాట కొరకు మనము కోరుట్ల, జగిత్యాల అంగళ్లకే పోవుచున్నాము. 2023 సంవత్సరము జూలై మాసమున కిలో టమాట ధర 100 రూపాయలు దాటెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు నాటికి ధర పడిపోయి, అనేక చోట్ల పండించినవారికి కోతకూలియు గిట్టలేదు. అంగడి ధర మన చేతిలో లేదు. పెరడు మన చేతిలో గలదు.

టమాటలో రెండు జాతులు గలవు. ఒకటి తీగవలె ఎడతెగక పెరుగుచు, పలుమాసములు కొంచెము కొంచెముగా కాయును. రెండవది రెండు మూడడుగులు పెరిగి, కొమ్మ కొనలయందు పూగుత్తి వేసి, పెరుగుదల నిలిపి, పొదవలె నుండును. పెరటికి ఈ రెండవది తగినది. పందిరి అక్కరలేదు, ఒక చిన్న ఊతకర్ర చాలును. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవారి పూసా ఎర్లీ డ్వార్ఫ్, తమిళనాడులోని పెరియకుళమున వెలసిన పి.కె.ఎం.-1 ఇట్టి రకములే.

ఈ జాతి విషయమున రెండు సంగతులు మరువరాదు. మొదటిది: తీగ రకములకు వలె పక్క కొమ్మలను గిల్లరాదు. ఆ కొమ్మలే కాపునకు ఆధారము. గిల్లినంత మేర పంట పోవును. నేల నంటు ఆకులను మాత్రమే తీసివేయవలెను. రెండవది: ఇది నాలుగైదు వారములలో కాపంతయు ఇచ్చివేయును. అన్ని మొక్కలను ఒకే దినమున నాటినచో ఒక నెల గంపలకొలది పండ్లు, పిమ్మట ఏమియు నుండవు. కావున మూడు తడవలుగా విత్తవలెను.

ఉత్తర కార్తెలో మొదటి నారు, చిత్త కార్తెలో రెండవ నారు, విశాఖ కార్తెలో మూడవ నారు పోయుడు. అప్పుడు డిసెంబరు చివర మొదలు మార్చి వరకు ఇంటికి పండ్లు అందును. ఈ కాలమునే ఏల ఎంచవలెను? పగటి వేడిమి 35 డిగ్రీలు దాటినచో పుప్పొడి చెడి పూత రాలును. మన ప్రాంతపు ఎండలు 40 డిగ్రీలు దాటుట మీ రెరిగినదే.

నారుమడిని నేలకు అర అడుగు ఎత్తుగా కట్టి, నీరు నిలువకుండ చూడవలెను. నిలిచినచో నారు మొదలు కుళ్లును. సన్నని నైలాను వల కప్పినచో తెల్లదోమ రాదు. ఆకుముడుత తెగులును మోసికొని వచ్చునది ఆ దోమయే. తెగులు సోకిన మొక్కకు మందు లేదు. వెంటనే పెరికి కాల్చవలెను.

25 దినముల నారును సాయంకాలమున నాటుడు. సాలుకు సాలుకు రెండడుగులు, మొక్కకు మొక్కకు ఒకటిన్నర అడుగు ఎడము చాలును. తడవకు 12 మొక్కల చొప్పున మూడు తడవలకు 108 చదరపుటడుగుల నేల పట్టును. బాగుగ చివికిన పశువుల ఎరువు ముందుగా కలుపవలెను. మొక్కల మొదళ్లలో వరిగడ్డి పరచినచో తేమ నిలుచును. ఒకనాడు ఎండగట్టి మరునాడు ముంచివేయుట మిక్కిలి హానికరము. అందువలన కాయలు పగులును, అడుగు భాగము నల్లబడి కుళ్లును.

పసుపు త్రవ్విన మడిలో టమాట నాటకుడు. వేరుముడులు కలిగించు నులిపురుగులు ఆ రెండు పైరులను పట్టును. వంగ, మిరప పెరిగిన చోటును విడువవలెను. మడి చుట్టును బంతి మొక్కలు పెట్టినచో కాయతొలుచు పురుగు తల్లి రెక్కలపురుగు బంతి పూలపై గ్రుడ్లు పెట్టును. ఆ పూలను ఏరివేయవచ్చును. 100 లీటర్ల నీటికి 5 కిలోల వేపగింజల పొడి చొప్పున నానబెట్టి వడగట్టిన కషాయము చల్లుటయు మేలు. తెగులు తెలియనిచో కొమ్మను తీసికొని జగిత్యాల చెంతనున్న పొలాస వ్యవసాయ పరిశోధనా స్థానమున చూపి సలహా పొందుడు.

మొక్కకు ఒక కిలో చొప్పున లెక్క వేసినను తడవకు 12 కిలోలు వచ్చును. మూడవ తడవ పంటను అంతయు కూరకు వాడకుడు. గట్టి పండ్లను చక్రములుగా కోసి, ఉప్పు రాచి, పలుచని బట్ట కప్పి, మార్చి ఎండలో గలగలలాడునట్లు ఎండబెట్టి ఒరుగులు చేయుడు. పండులో నూటికి సుమారు 94 పాళ్లు నీరే గనుక, గంపెడు పండ్లు ఒక చిన్న జాడీలో ఇముడును. ఎండకు పూత నిలువక, క్రొత్త పంట ఇంకను రాక, అంగడిలో ధర మండు జూలై మాసమున ఆ జాడీయే మీ యింటి టమాట తోట.

ఒకేసారి కాయుట ఈ పొట్టి రకములకు లోపమని కొంద రందురు. ఒరుగులు చేయు ఇంటికి అదియే గుణము. కావున ఈ యేడు ఉత్తర కార్తె రాకమునుపే పెరటిలో చోటు ఎంచి, ఎరువు తోలి, మడి సిద్ధము చేసికొన ప్రార్థన.