మొదళ్ల నుంచి లేచిన అడవి



ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం శివారున సాలువా ఉంది. రైల్వే కొలువుల కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు ఈ పట్టణంలో తరతరాలుగా ఉంటున్నాయి. ఇక్కడి ఎర్రనేలకు సహజమైన చెట్టు సాల వృక్షం. గుగ్గిలం ఇచ్చేది, ఆకులతో విస్తళ్లు కుట్టేది దీనితోనే.

సాలువా నుంచి ఉత్తరంగా కంసావతి నది దాటి, మేదినీపూర్ మీదుగా వెళితే ఆరాబారి అడవి వస్తుంది. 1970 నాటికి వంటచెరకు నరకడం వల్ల, పశువుల మేత వల్ల అక్కడ మొదళ్లు, పొదలు మాత్రమే మిగిలాయి. అయితే నేలలో వేళ్లు బతికే ఉన్నాయి. నరికిన సాల మొదలు మళ్లీ పిలకలు వేస్తుంది. ఆ పిలకలను ఏటా నరుకుతూ పోతే అది చెట్టు కాలేదు.

అంటే ఇక్కడ లోపం మొక్కలది కాదు, కాపలాది. అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ దీనిని గుర్తించారు. 1972 ప్రాంతంలో 11 గ్రామాల 618 కుటుంబాలతో మాట్లాడి, 1,272 హెక్టార్ల రక్షణను వారికి అప్పగించారు. అడవిలో పని, ఆకులు, పుట్టగొడుగులు, ఎండుపుల్లలు వారికి దక్కాయి. కలప అమ్మకంలో 25 శాతం వాటా ఇస్తామన్నారు. అడవి తిరిగి లేచింది. ఈ అనుభవం తోడ్పాటుతో 1990లో కేంద్రం ఉమ్మడి అటవీ యాజమాన్యంపై మార్గదర్శకాలు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి.

ఇక శాస్త్రం అడిగే ప్రశ్న ఇది: పచ్చదనం తిరిగి వస్తే జీవవైవిధ్యం కూడా వచ్చినట్లేనా? కాదు. కొన్నేళ్లకొకసారి పిలకలను నరికే అడవిలో చెట్లన్నీ ఒకే వయసువి. ముదురు చెట్ల తొర్రల్లో గూడు కట్టే పక్షులకు అక్కడ చోటు తక్కువ. పైగా 1980ల చివరి నుంచి దల్మా కొండల ఏనుగుల మందలు ఈ జిల్లాకు వస్తున్నాయి. వాటివల్ల పంటలు పోతున్నాయి, మనుషుల ప్రాణాలు కూడా పోతున్నాయి. కాపాడినవారే ఆ నష్టం భరిస్తున్నారు. కనుక అడవి కోలుకోవడాన్ని కొలిచేటప్పుడు చెట్లతోపాటు ఆ మనుషుల బతుకునూ లెక్కలోకి తీసుకోవాలి.

మీరూ ఒక చిన్న పరిశీలన చేయవచ్చు. మీ ఊరి బంజరులో పశువులు మేసే చోట ఒకటి, కంచె ఉన్నచోట ఒకటి, పది మీటర్ల చదరాలు గీయండి. మొక్కల రకాలను, పిలకల సంఖ్యను రాసుకోండి. ప్రతి వర్షాకాలం తరువాత మళ్లీ లెక్కించండి. మొక్క నాటే ముందు, ఆ నేలలో ఇప్పటికే బతికి ఉన్నదేమిటో చూడటం నేర్చుకుంటారు.