బ్యాండులో పియానో ముందు కూర్చున్న స్త్రీ

(స్త్రీల శ్రమ, చరిత్ర అనే అంశంపై మహిళా కార్యకర్తల కోసం ఏర్పాటయిన శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల శ్రమ గురించి మాట్లాడమని పిలిస్తే, అమెరికాలోని ఒక జాజ్ బ్యాండు గురించి మాట్లాడతానన్నాను. నిర్వాహకులు కాస్త తటపటాయించి, సరే అన్నారు. నాటు వేసే చేతుల గురించి, బీడీలు చుట్టే చేతుల గురించి మనం ఎంతో మాట్లాడుకున్నాం, ఇంకా మాట్లాడుకోవాలి కూడా. అయితే పాడే గొంతూ, వాయించే చేతులూ కూడా పని చేసేవే. ఆ పనికి కూలి ఎంత, పేరు ఎవరికి, ముసలితనంలో దిక్కెవరు అనే ప్రశ్నలు అక్కడా ఉన్నాయి. సంగీతాన్ని 'కళ' అనడంతో అది పని అనే సంగతి మరుగున పడిపోతుంది. అందుకే ఈ ఉదాహరణ తీసుకున్నాను.

న్యూ ఆర్లియన్స్ నగరంలో సెయింట్ పీటర్ వీధిలో ప్రిజర్వేషన్ హాల్ అని ఒక చిన్న పాత గది ఉంది. చెక్క బల్లలు, నేల మీద పరిచిన చాపలు. మైకులుండవు, మద్యం అమ్మరు. 1961లో మొదలై నేటికీ అక్కడ సంప్రదాయ జాజ్ వాయిస్తున్నారు. ఆ హాలు పేరుతోనే తిరిగే బ్యాండు 1963 నుంచి దేశదేశాల్లో కచేరీలు చేస్తోంది. తరాలు మారినా బ్యాండు ఆగలేదు. దాని చరిత్ర చెప్పేవాళ్లు ట్రంపెట్, క్లారినెట్, ట్రాంబోన్ వాయించిన మగవాళ్ల పేర్లు గడగడా చెప్తారు. ఆ పాత ఫోటోల్లో పియానో ముందు కూర్చున్న మనిషి చాలాసార్లు ఒక స్త్రీ.

ఆమె పేరు స్వీట్ ఎమ్మా బారెట్. 1897లో న్యూ ఆర్లియన్స్‌లోనే పుట్టింది. ఎవరి దగ్గరా పాఠం చెప్పించుకోకుండా తనంతట తానే పియానో నేర్చుకుంది. 1920లలో ఒరిజినల్ టక్సీడో ఆర్కెస్ట్రాలో వాయించింది. తలకి ఎర్ర టోపీ, కాలి పట్టీలకి చిరుగంటలు. వాయిస్తూంటే పాటతో పాటు గంటలూ మోగేవి. 1964లో మినియాపొలిస్‌లో రికార్డయిన ప్రసిద్ధ ఆల్బమ్ ఆమె పేరు మీదే వచ్చింది. ఏడుగురిలో ఆరుగురు మగవాళ్లు, అందరూ పండిపోయిన వాద్యకారులు, అయినా ముందున్న పేరు ఎమ్మాది. అప్పటికి ఆమెకు 67 ఏళ్లు. తన పేరు మీద మొదటి రికార్డు వచ్చిందే 1961లో. అంటే వాయించడం మొదలుపెట్టిన దాదాపు 40 ఏళ్ల తర్వాత! 1967లో పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. అయినా కుడి చేత్తోనే వాయిస్తూ, పాడుతూ 1983లో చనిపోయేదాకా సంగీతాన్ని వదల్లేదు. దీన్ని 'అంకితభావం' అని పొగడటం తేలిక. నల్లజాతి కళాకారిణికి ఆ వయసులో విశ్రాంతి తీసుకునే వీలు ఎంత ఉండేది అని కూడా అడగాలి కదా!

ఎప్పుడూ పియానోయే ఎందుకు? దీనికి సమాధానం సంగీతంలో దొరకదు, సమాజంలో దొరుకుతుంది. జాజ్‌కి పునాది వేసినవాటిలో వీధి బ్యాండు ఒకటి. చావు ఊరేగింపుల్లో, ఉత్సవాల్లో వీధుల వెంట నడుస్తూ బాకాలు, డప్పులు వాయించే బ్యాండు. వీధి మగవాడిది. ఆడపిల్ల బాకా ఊదితే చూడ్డానికి బాగుండదన్నారు. పియానో ఇంట్లోనో, చర్చిలోనో ఒకచోట ఉండే వాద్యం. ఒద్దికగా కూర్చుని వాయించవచ్చు. మన మధ్యతరగతి ఇళ్లలో పెళ్లిచూపుల కోసం ఆడపిల్లకి వీణో, హార్మోనియమో నేర్పించిన ధోరణి లాంటిదే ఇదీ. ఆ 'మర్యాద' తలుపు గుండానే కొందరు స్త్రీలు బ్యాండులోకి ప్రవేశించారు. కానీ జాజ్‌లో పియానో పని ప్రధానంగా లయ పట్టి ఉంచడం, మిగతావాళ్ల పాటకి ఆధారం ఇవ్వడం. మన కచేరీ భాషలో పక్కవాద్యం. అది లేకపోతే బ్యాండు కూలిపోతుంది, ఉంటే ఎవరి చెవికీ ప్రత్యేకంగా ఆనదు. ఇంటి చాకిరీ గురించి మనం చెప్పుకునే మాటే ఇక్కడా వర్తిస్తుంది.

పెళ్లి, పిల్లలు ఈ స్త్రీల జీవితాల్ని ఎలా విరిచాయో చూడండి. జెనెట్ కింబాల్ శాస్త్రీయంగా శిక్షణ పొందిన పియానిస్టు. 1926లో పాపా సెలెస్టిన్ బ్యాండులో చేరింది. ఆ బ్యాండులోనే బాంజో వాయించే నార్విన్ కింబాల్‌ని పెళ్లి చేసుకుంది. 1930ల మధ్యలో పిల్లల్ని పెంచడానికి బ్యాండు వదిలేసింది. మళ్లీ 1940లలో గానీ తిరిగి రాలేకపోయింది. నార్విన్ పగలు తపాలా బట్వాడా చేస్తూ సంగీతం కొనసాగించాడు, తర్వాత ప్రిజర్వేషన్ హాల్ బ్యాండులో పేరు పొందాడు. ఒకే బ్యాండు, ఒకే కాపురం. విరామం మాత్రం ఆమెకే. డాలీ ఆడమ్స్ పియానోతో పాటు బేస్, డ్రమ్స్ కూడా వాయించగలిగేది. పెళ్లయ్యాక సంసారం కోసం ఏళ్ల తరబడి మానేసింది. తిరిగి వచ్చినప్పుడు తన కొడుకులతోనే బ్యాండు కట్టింది.

బిల్లీ పియర్స్ కథ వేరు. ఫ్లోరిడాలో పియానో వాయించే అక్కచెల్లెళ్ల మధ్య పెరిగింది. 1935లో కార్నెట్ వాయించే డీడీ పియర్స్‌ని పెళ్లాడింది. 1950లలో డీడీ చూపు పోయింది. జబ్బులతో ఇద్దరూ కొంతకాలం సంగీతానికే దూరమయ్యారు. 1960లలో ప్రిజర్వేషన్ హాల్లో మళ్లీ వాయించడం మొదలుపెట్టి దేశమంతా తిరిగారు. చూపు లేని భర్త పక్కన వాయిస్తూ, పాడుతూ, అతన్ని కనిపెట్టుకుని ఉండటం - ఇందులో ఎంత భాగం సంగీతం, ఎంత భాగం సేవ? కచేరీకి ఇచ్చే డబ్బులో రెండోదానికి లెక్క లేదు. 1973లో డీడీ, మరుసటి ఏడాది బిల్లీ చనిపోయారు.

పేరు విషయంలో లిల్ హార్డిన్ కథ మనం మరచిపోకూడదు. ఆమె ఈ హాలు మనిషి కాదు గానీ ఈ సంగీతానికి పెద్దక్క లాంటిది. మెంఫిస్‌లో పుట్టి, షికాగోలో స్వరలిపి పుస్తకాలు అమ్మే దుకాణంలో వాయించి చూపించే పనికి కుదిరింది. న్యూ ఆర్లియన్స్ నుంచి వచ్చిన బ్యాండులో చేరిన మొదటి రోజు, ఏ శ్రుతి అని అడిగితే, అవన్నీ మాకు తెలీదు, రెండు దెబ్బలు వినపడగానే మొదలుపెట్టు అన్నారని తర్వాత నవ్వుతూ చెప్పుకుంది. 1923లో కింగ్ ఆలివర్ బ్యాండు చేసిన చరిత్రాత్మక రికార్డుల్లో పియానో ఆమెదే. 1924లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని పెళ్లి చేసుకుంది. ఆలివర్ నీడ నుంచి బయటికి రమ్మని అతన్ని ప్రోత్సహించింది ఆమే. చాలా పుస్తకాల్లో ఆమె 'ఆర్మ్‌స్ట్రాంగ్ భార్య'. తాను కట్టిన ఒక ప్రసిద్ధ పాట మీద హక్కు కోసం మాజీ భర్తతోనే తగవు పడాల్సి వచ్చింది. పేరంటే గౌరవం ఒక్కటే కాదు, పాట అమ్ముడైన ప్రతిసారీ వచ్చే డబ్బు కూడా. 1971లో ఆర్మ్‌స్ట్రాంగ్ సంస్మరణ కచేరీలో వాయిస్తూనే లిల్ కుప్పకూలి చనిపోయింది.

హాలు నడిపిన శ్రమ గురించి కూడా ఒక మాట. అలన్ జాఫీ, సాండ్రా జాఫీ అనే దంపతులు ఈ హాలుని నిలబెట్టారు. అలన్ ట్యూబా వాయించేవాడు కాబట్టి ఫోటోల్లో కనిపిస్తాడు. గుమ్మం దగ్గర బుట్ట పట్టుకుని డబ్బు వసూలు చేస్తూ జనాన్ని అదుపులో పెట్టింది సాండ్రా. 2021లో ఆమె చనిపోయినప్పుడు గానీ చాలామందికి ఆమె పాత్ర తెలిసిరాలేదు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకేచోట కూర్చోకూడదన్న కాలంలో ఇద్దర్నీ ఒకే బల్లల మీద కూర్చోబెట్టిన గది అది. అది చిన్న విషయం కాదు. అలాగని అంతా సమానమైపోయిందనీ కాదు. వాయించేవాళ్లు ఎక్కువగా నల్లజాతి వృద్ధులు, డబ్బిచ్చి వినేవాళ్లు ఎక్కువగా తెల్ల పర్యాటకులు. కోరిన పాటకి రేటు రాసిన బోర్డు గోడకి ఉండేది. మామూలు పాత పాటకి ఒక డాలరు, మరీ అరిగిపోయిన 'సెయింట్స్' పాటకి ఐదు డాలర్లు! విసుగుకి కూడా కూలి కట్టిన ఆ వాద్యకారుల హాస్యం నాకు భలే నచ్చింది.

ఇవన్నీ మనకెలా తెలిశాయి? 1958లో ట్యులేన్ విశ్వవిద్యాలయంలో జాజ్ సంగ్రహాలయం మొదలుపెట్టి, వృద్ధ కళాకారుల మాటల్ని టేపుల మీద రికార్డు చేశారు. 2004లో షెరీ టక్కర్ అనే పరిశోధకురాలు న్యూ ఆర్లియన్స్ జాజ్ స్త్రీల గురించి స్త్రీవాద దృష్టితో పెద్ద నివేదిక రాసింది. జాజ్ చరిత్రలో స్త్రీలు అరుదని అనుకోవడం కంటే, మనం ఎక్కడ వెతుకుతున్నామో చూసుకోవాలని దాని నుంచి నేను నేర్చుకున్నాను. బాకాల వరసలోనే వెతికితే మగవాళ్లే కనిపిస్తారు. చర్చిలో, సంగీతం పాఠాల్లో, ఇంటి ముందు గదిలో వెతికితే స్త్రీలు కనిపిస్తారు. ఈ పద్ధతి మనకి కొత్త కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చేసిన పని ఇదే.

అందుకని మీకు మూడు పనులు చెప్తాను. మీ ప్రాంతంలో కళాకారుల పింఛను దరఖాస్తులు నింపేటప్పుడు బృంద నాయకుడి పేరుతో ఆగకండి. వంత పాడే ఆమె, హార్మోనియం వాయించే ఆమె, వేషాలు సర్దే ఆమె ఎవరో అడిగి రాయండి. రెండోది, పని ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టారు అని అడగండి. 'అనుభవం ఎన్నేళ్లు' అని మాత్రమే అడిగితే కాన్పులూ, పిల్లల పెంపకమూ మింగేసిన ఏళ్లు ఆమె లోపంగా నమోదవుతాయి. మూడోది, బృందానికి వచ్చిన డబ్బు ఎవరి చేతికి వస్తుంది, ఎలా పంచుకుంటారు అని అడగండి. ఈ ప్రశ్న ఇబ్బందిగానే ఉంటుంది, అయినా అడగక తప్పదు.

న్యూ ఆర్లియన్స్ వీధి కూడా ఇప్పుడు పూర్తిగా మగవాడిది కాదు. 1991లో ఒక బాలికల పాఠశాలలో మొదలైన ఒరిజినల్ పినెట్స్ బ్రాస్ బ్యాండులో అందరూ స్త్రీలే. బాకాలు, ట్యూబా, డ్రమ్ములు, అన్నీ వాళ్లవే. 2013లో 'వీధి రాజులు' అనే పోటీలో నగరంలోని మగ బ్యాండుల మీద నెగ్గారు. పోటీ పేరు మాత్రం మగవాడిదే. అలాంటి పేర్లు మార్చడం మిగిలిన పని.