మణికట్టు దగ్గర మత్తు సూది

కొడవలి తగిలి అరచేయి చీలిందనుకోండి. గాయం చుట్టూ పదేపదే సూది గుచ్చితే నొప్పి ఎక్కువ, పైగా చర్మం ఉబ్బి అంచులు సరిగా కలవవు. అందుకే మణికట్టు దగ్గరే నరానికి మత్తు ఇస్తారు. అక్కడ మూడు నరాలున్నాయి. అరచేతి వైపు బొటనవేలి నుంచి ఉంగరపువేలి సగం దాకా స్పర్శ మీడియన్ నరానిది. చిటికెనవేలి వైపు అల్నార్‌ది. చేతి వెనుక బొటనవేలి వైపు రేడియల్‌ది. 1943లో స్వీడన్‌లో తయారైన లిడోకెయిన్ అనే మత్తుమందు కొద్ది నిమిషాల్లో పనిచేస్తుంది.

సూదికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది, తొందరలో అదే మరిచిపోతుంటారు. ఏ వేలికి స్పర్శ తెలుస్తోందో చూసి రాసుకోవాలి. మొద్దుబారాక, నరం గాయంలో తెగిందో, మందువల్లే తిమ్మిరో తేల్చడం కష్టం. గుచ్చేటప్పుడు వేళ్లలోకి జివ్వుమంటే వెంటనే చెప్పండి, డాక్టరు సూది కాస్త వెనక్కి తీస్తారు.