తొలి గడప

(మన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి యేడూ ఈ సభలో మమ్మల్ని పిల్లల చదువు గురించి మాట్లాడమనేవారు. ఈసారి కార్యదర్శిగారు "మాస్టర్ సాబ్, అమెరికా ప్రైమరీ ఎన్నికల సంగతి చెప్పండి" అన్నారు. ప్రైమరీ అంటే మాకు తెలిసింది ప్రైమరీ పాఠశాల ఒక్కటే. ఉర్దూ మీడియం బడిపంతులుకు ఆ ఎన్నికలతో పనేమిటని మీరనుకోవచ్చు. దీనికంతటికీ కారణం మన సంఘంలోని ఒక పెద్దాయన. వారి కుమార్తె టెక్సాస్ రాష్ట్రంలో, హ్యూస్టన్ నగరాన్ని ఆనుకొని ఉన్న ఫోర్ట్ బెండ్ అనే జిల్లాలో కాపురముంటున్నది. అక్కడి పౌరసత్వం వచ్చినాక 2024 ఫిబ్రవరిలో తండ్రికి ఫోను చేసి, "అబ్బా, వచ్చే నెల ప్రైమరీ ఉంది, ఏ పార్టీ బ్యాలెటు అడగాలి?" అన్నదట. చాచా తిన్నగా మా ఇంటికొచ్చి కూర్చున్నారు. "ఎన్నికలు నవంబరులో గదా, మార్చిలో ఏమిటి? పైగా ఓటు వేసేచోట నీది ఏ పార్టీ అని అడుగుతారా? ఓటు రహస్యం కాదా?" అని మమ్మల్నే నిలదీసినారు.

ఆ రోజు చాచాకు సగం సగం జవాబు చెప్పి పంపినాము. తరువాత పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది ఈ రోజు మీ ముందు పెడుతున్నాము.

మన దేశంలో పార్టీ టికెట్ ఎవరికివ్వాలో పార్టీ పెద్దలు నిర్ణయిస్తారు. బి-ఫారం ఎవరి చేతికొస్తే వారే అభ్యర్థి. ఓటరు పని ఆ తరువాతనే మొదలవుతుంది. టెక్సాస్‌లో అట్లా కాదు. పార్టీ తరఫున ఎవరు నిలబడాలో కూడా ఓటర్లే తేలుస్తారు. సరిసంఖ్య వచ్చే సంవత్సరాలలో మార్చి నెల మొదటి మంగళవారం రెండు పెద్ద పార్టీలూ రాష్ట్రమంతటా ఈ వడపోత ఎన్నిక జరుపుతాయి. పేరుకు పార్టీ ఎన్నిక, జరిగేది రాష్ట్ర చట్టం ప్రకారం, ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వానిదే. పార్టీ సభ్యత్వ రసీదులేమీ అక్కర్లేదు. ఓటరు వెళ్ళి ఏదో ఒక పార్టీ బ్యాలెటు అడిగి తీసుకోవాలి. ఏ పార్టీది తీసుకున్నారన్నది రికార్డుకెక్కుతుంది, ఎవరికి వేసినారన్నది మాత్రం రహస్యమే. నవంబరులో మళ్ళీ ఎవరి ఇష్టం వారిది.

ఇక ఆ బ్యాలెటు పొడవు వింటే మీకు నవ్వొస్తుంది. ఢిల్లీకి పంపే ఎంపీ మొదలు మన ఊరి సబ్ ఇన్‌స్పెక్టరు దాకా ఒకే కాగితం మీద ఎన్నుకున్నట్లుంటుంది. దేశాధ్యక్షుడు, సెనేటరు, ప్రతినిధి, రాష్ట్ర గవర్నరు, శాసనసభ్యులు, జిల్లా షెరీఫు, ఇట్లా ఏ యేడు ఏ పదవి ఖాళీ అయితే అది. రైల్‌రోడ్ కమిషనర్ అని ఒక పదవి ఉన్నది. ఆయనకు రైళ్ళతో సంబంధం లేదు, చూసేది చమురూ గ్యాసూ! అన్నిటికన్నా మమ్మల్ని ఆశ్చర్యపరిచినది న్యాయమూర్తులు. చిన్న తగవులు తీర్చే జస్టిస్ ఆఫ్ ది పీస్ నుంచి రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా న్యాయమూర్తులు కూడా పార్టీ పేరు పెట్టుకుని ఈ ప్రైమరీలో ఓట్లడగవలసిందే.

మొత్తం ఓట్లలో సగానికి మించి రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మే నెలలో మళ్ళీ పోటీ. అన్ని రాష్ట్రాలలో ఈ నియమం లేదు. మన హైదరాబాదులో పుట్టి నాలుగేళ్ళ వయసులో అమెరికా వెళ్ళిన గజాలా హాష్మీ గారిని చూడండి. 2025 జూన్‌లో వర్జీనియా రాష్ట్రంలో లెఫ్టినెంట్ గవర్నరు పదవికి డెమోక్రాటిక్ ప్రైమరీలో ఆరుగురు పోటీపడితే ఆమెకు వచ్చినవి వందకు ఇరవై ఏడు పైచిలుకు ఓట్లు. రెండవ వారికీ ఆమెకూ తేడా వందకు ఒకటి కూడా లేదు. అక్కడ రెండో విడత లేదు గనుక ఆమే అభ్యర్థి అయి, నవంబరులో గెలిచినారు. టెక్సాస్‌లో అయితే మే దాకా ఆగవలసి వచ్చేది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాము. ఒక రాష్ట్రంలో ఒకే పార్టీ ఎప్పుడూ గెలుస్తూ ఉంటే, నవంబరు ఎన్నిక ఉత్త లాంఛనం. నిజమైన ఎన్నిక ఆ పార్టీ ప్రైమరీయే. టెక్సాస్‌లో 1874 తరువాత 1978 ఎన్నిక దాకా రిపబ్లికన్ గవర్నరు ఎన్నిక కాలేదు. నూరేళ్ళు డెమోక్రాట్లదే రాజ్యం. మరి ఆ తొలి గడప దగ్గరే ఒక మనిషిని ఆపేస్తే?

ఆపేసినారు. 1923లో టెక్సాస్ శాసనసభ నల్లజాతివారు డెమోక్రాటిక్ ప్రైమరీలో ఓటు వేయరాదని చట్టమే చేసింది. నవంబరులో వేసుకోవచ్చునట! అన్నం తిన్నాక విస్తరి దగ్గర కూర్చోబెట్టినట్లు. ఎల్ పాసో అనే ఊళ్ళో లారెన్స్ నిక్సన్ అని ఒక నల్లజాతి వైద్యుడు ఉండేవాడు. ప్రెసిడెంటు నిక్సన్‌తో ఈయనకు సంబంధం లేదు. 1924 జూలై 26న ఓటుపన్ను కట్టిన రసీదు చేతబట్టుకుని ఆయన పోలింగు కేంద్రానికి పోయినాడు. అక్కడ కూర్చున్న ఎన్నికల అధికారులు ఆయనను ఎరిగినవారే. ఓటు ఇవ్వరని ఆయనకూ తెలుసు. అయినా అడగవలసినది అడిగినాడు, వారు కాదనవలసినది కాదన్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఇరవై యేండ్లుగా మేము ఎన్నికల డ్యూటీ చేస్తున్నాము. రాత్రంతా బడిలో బల్లల మీద పడుకుని, తెల్లవారకముందే ఏజెంట్ల ముందు మాక్ పోలింగు చేసి, సిరా బుడ్డి పక్కన పెట్టుకుని కూర్చున్నవాళ్ళం. ఒకసారి ఒక ముసలమ్మ గుర్తింపు కార్డు పట్టుకుని వచ్చింది. జాబితాలో పేరు లేదు. మూడుసార్లు వెతికినాము. "కార్డు ఇచ్చింది మీరే గదా నాయనా" అన్నది. నియమం చెప్పి వెనక్కు పంపినాము. ఆమె వరండాలో చాలాసేపు కూర్చుని పోయింది. అక్కడ పేరు జారిపోయింది పొరపాటున, టెక్సాస్‌లో తుడిచింది కావాలని. రెండూ ఒకటని మేమనడం లేదు. కానీ నిక్సన్ కథ చదివినప్పుడల్లా మాకు కనబడేది బల్లకు ఇవతల కూర్చున్న ఆ అధికారుల ముఖమే.

నిక్సన్ కోర్టుకెక్కినాడు. 1927లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ చట్టాన్ని కొట్టివేసింది. వెంటనే టెక్సాస్ ఇంకో ఉపాయం పన్నింది. చట్టంలో రంగు మాట తీసేసి, ఎవరిని రానివ్వాలో పార్టీ కార్యవర్గమే చూసుకుంటుందని వ్రాసింది. ఆయన మళ్ళీ కోర్టుకు పోతే 1932లో అదీ పోయింది, ఈసారి ఐదుగురికి నలుగురు తేడాతో. అప్పుడు పార్టీ మహాసభే తీర్మానం చేసుకుంది: మా పార్టీలోకి తెల్లవారే రావాలి అని. 1935లో హ్యూస్టన్‌కు చెందిన ఒక మంగలి, గ్రోవీ అనేవాడు, దాని మీద దావా వేస్తే సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కాదన్నది. పార్టీ అనేది ప్రైవేటు సంఘం, సభ్యులు ఎవరుండాలో వారిష్టం అన్నది.

ఈ వాదన వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. మన సంఘం మన ఇష్టం అని మనమూ అంటాము గదా. (మన సంఘ కార్యవర్గం జాబితా సర్వసభ్య సమావేశానికి ముందు రోజు చాయ్ హోటల్లోనే తయారవుతుందన్న మాట కూడా విన్నాము. చేతులెత్తడమే మన వంతు. కార్యదర్శిగారు మన్నించాలి.) కానీ ఒక రాష్ట్రపు పాలకులను నిర్ణయించే తలుపు ప్రైవేటు తలుపు ఎట్లవుతుంది? హ్యూస్టన్‌లో లోనీ స్మిత్ అనే దంతవైద్యుడు 1940లో బ్యాలెటు అడిగి కాదనిపించుకుని ఈ ప్రశ్నే కోర్టులో వేసినాడు. ఆయన పక్షాన వాదించిన థర్గుడ్ మార్షల్ తరువాత 1967లో ఆ కోర్టులోనే మొదటి నల్లజాతి న్యాయమూర్తి అయినారు. 1944 ఏప్రిల్ 3న ఎనిమిది మంది స్మిత్ వైపు, ఒక్కరు ఎదురు. ప్రైమరీ ప్రజల ఎన్నికే, రంగు చూసి ఆపరాదు అని తీర్పు. ఆ జూలై 22న డాక్టర్ నిక్సన్, ఆయన భార్య ఎల్ పాసోలో ప్రైమరీ ఓటు వేసినారు. మొదటిసారి వెనక్కు పంపిన నాటికి సరిగ్గా నాలుగు రోజులు తక్కువ ఇరవై యేండ్లు.

అయితే కథ అక్కడా ఆగలేదు. చాచా కూతురుండే ఆ ఫోర్ట్ బెండ్ జిల్లాలోనే 1889 నుంచి జేబర్డ్ అనే తెల్లవారి సంఘం ఒకటుండేది. అది ప్రైమరీకి ముందే తనలో తాను ఇంకో ఎన్నిక జరుపుకునేది. అందులో గెలిచినవారే తరువాత ప్రైమరీలోనూ, నవంబరులోనూ గెలిచేవారు. గడపకు ముందర ఇంకో గడప! 1953లో సుప్రీంకోర్టు దాన్నీ చెల్లదన్నది. ఈనాడు అదే జిల్లాలో షుగర్ లాండ్ వంటి ఊళ్ళలో మన తెలుగువాళ్ళు ఇళ్ళు కట్టుకుని ఉంటున్నారు.

ప్రైమరీలో ఒక్క ఓటు విలువ కూడా ఆ రాష్ట్రమే చూపించింది. 1948లో సెనేటు పదవికి డెమోక్రాటిక్ రెండో విడతలో దాదాపు 9 లక్షల 88 వేల ఓట్లు పోలైతే లిండన్ జాన్సన్ 87 ఓట్లతో బయటపడినాడు. పోలింగు అయిన ఆరు రోజులకు ఆలిస్ అనే ఊరి 13వ పెట్టె జాబితాలో 202 పేర్లు కొత్తగా కనబడినాయి. 200 ఓట్లు ఆయనవే. అన్నీ ఒకే చేతివ్రాత అని చూసినవాళ్ళు సాక్ష్యం చెప్పినారు. ఇట్లా గడప దాటిన మనిషే 1963లో అధ్యక్షుడై, నల్లవారి ఓటుహక్కును కాపాడే 1965 చట్టం మీద సంతకం పెట్టినాడు. దీన్ని ఏమనాలో మాకు తోచదు.

ఇప్పుడు పార్టీ మారింది, పద్ధతి మిగిలింది. 1994 తరువాత 2024 దాకా టెక్సాస్ రాష్ట్రమంతా ఓటు వేసే ఏ పదవిలోనూ డెమోక్రాటు గెలవలేదు. కనుక ఆ పదవులకు రిపబ్లికన్ ప్రైమరీయే అసలు పోటీ. క్రిమినల్ అప్పీళ్ళ కోర్టు అని ఆ రాష్ట్రంలో ఒకటున్నది. మరణశిక్షల అప్పీళ్ళు అక్కడికే పోతాయి. 2021లో ఆ కోర్టు, ఎన్నికల నేరాలపై రాష్ట్ర అటార్నీ జనరల్ తనంతట తాను కేసు నడపరాదని తీర్పు చెప్పింది. ఆయనకు కోపమొచ్చి ఆ న్యాయమూర్తులను ఓడించమని తిరిగినాడు. 2024 మార్చి ప్రైమరీలో పదవిలో ఉన్న ముగ్గురు న్యాయమూర్తులు ఓడిపోయినారు. తీర్పు మంచిదో చెడ్డదో మేము చెప్పలేము. తీర్పు వ్రాసే చెయ్యి ఓట్ల లెక్క తలచుకుంటే మాత్రం కక్షిదారుకు నష్టమే. ఇందులో మా మనసు మన పద్ధతి వైపే మొగ్గుతుంది.

అమ్మాయి ఆ రోజు ఓటు వేసింది. ఏ పార్టీ బ్యాలెటు అడిగిందో తండ్రికి చెప్పింది, మేము మీకు చెప్పము. గుర్తింపు కార్డు చూసినారట, ఏ పార్టీ అని అడిగినారట, అంతకు మించి ఒక్క మాట అడగలేదట. పై పేర్లు నిమిషంలో అయిపోయినాయి. న్యాయమూర్తుల దగ్గరికి వచ్చేసరికి ఒక్కరూ తెలియదు. సగం ఖాళీగా వదిలి వచ్చినానని ఫోనులో బాధపడిందట. తరువాతి ప్రైమరీకైనా ముందే తెలుసుకోవాలని ఆ పేర్ల జాబితా చాచాకు పంపింది. చాచా దాన్ని మా దగ్గరికి తెచ్చినారు. మేము అద్దాలు పెట్టుకుని పైనుంచి కిందికి చదివి, మాకూ తెలియదన్నాము. చాచా అక్కడే ఫోను తీసి, "బేటీ, మాస్టర్ సాబ్‌కూ తెలియదంట. మీ వీధిలో కోర్టుకు పోయి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళను అడుగు" అన్నారు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. సెలవు. ఖుదా హాఫిజ్.