సెల్‌ఫోను సమాచారము - రైతు చెల్లించు రుసుము
(పటమటలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు సెల్‌ఫోను లేని గ్రామము లేదు. నెలకింత రుసుము చెల్లించినచో మార్కెట్టు ధరలు, వాతావరణ సూచనలు, చీడపీడల నివారణ సలహాలు పంపుదుమని చెప్పు సంస్థలును కలవు. రైతు ఆ రుసుము చెల్లింపవచ్చునా? ఈ విషయమునే మేము నేడు మీతో ముచ్చటింపదలచినాము.

ఉపయోగపడు సమాచారమునకు కష్టజీవి వెల యిచ్చును. 1997 మొదలు 2001 వరకు ఉత్తర కేరళ తీరమున సెల్‌ఫోన్లు వ్యాపించినపుడు, జాలరులు తమ సొమ్ముతోనే వానిని కొనిరి. సముద్రము మీదనుండియే ధర కనుగొని, గిరాకి యున్న రేవునకు పడవ మరల్చిరి. వారి లాభము సుమారు 8 శాతము పెరిగెననియు, కొనువారికి ధర 4 శాతము తగ్గెననియు ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రకటించెను.

మహారాష్ట్ర అనుభవము వేరు. అచట 2007లో రాయిటర్స్ మార్కెట్ లైట్ అను సేవ రుసుముపై ధరలను, వాతావరణ వార్తలను రైతులకు పంపసాగెను. 100 గ్రామములలో జరిగిన పరిశీలన ఫలితములను ఫాఫ్‌షాం, మింటెన్ అను ఆర్థికవేత్తలు 2012లో ప్రకటించిరి. రైతునకు దక్కిన ధరలో చెప్పుకోదగిన పెరుగుదల కానరాలేదు.

ఈ భేదమునకు కారణమేమి? మాకు తోచినది ఇది. జాలరి విన్న వెంటనే పడవ మరల్చగలడు. పెట్టుబడికి తెచ్చిన అప్పుక్రింద కళ్లములోనే ధాన్యము నొప్పగించు కౌలురైతునకు పది మార్కెట్ల ధరలు తెలిసినను ఫలమేమి? 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. హెచ్చరికలు ముందుగనే వచ్చినవి. అయినను కృష్ణా డెల్టాలో కోసిన వరి పనలు నీట నానినవి. బరకములు, ఆరబోయుటకు మెరక చోటు లేనివానికి హెచ్చరిక యొక్కటే చాలదు.

కావున చందా కట్టుటకు ముందు రైతు మూడు ప్రశ్నలు వేయవలెను. ఈ సలహా మా ఊరికి, మా పైరుకు చెందినదేనా? తిరిగి ప్రశ్నించిన బదులు చెప్పువారున్నారా? విన్నదానిని ఆచరించు వీలు మాకున్నదా?

ఉచితముగ లభించుదానిని మొదట వాడుకొనుడు. 2004 జనవరి 21న ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటరుకు 1800-180-1551 నంబరుపై ఫోను చేసినచో తెలుగులోనే సలహా చెప్పుదురు. ఖర్చు లేదు. ఇచటి రైతుబజారులో ధరల పలక చదువుటకును రుసుము లేదు. అడుగకయే ఫోను నిల్వనుండి చందా కోసికొనరాదు; రెండుమార్లు సమ్మతి పొందవలెనని టెలికాం నియంత్రణ సంస్థ 2013లో ఆదేశించినది.

పంచాయతీ చేయదగిన పని కలదు. ఆ నంబరును కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుడు. వచ్చిన సలహాను, తుపాను హెచ్చరికను చాటింపు వేయించి, ఫోను లేని కౌలుదారులకు, స్త్రీలకు చేరవేయుడు. కోతలకు ముందే బరకములు, ఆరబోయు చోటు సిద్ధపరచుడు. అంతట రైతు విన్న మాట పంటను కాపాడును. అపుడు రుసుము చెల్లించినను ఆ సొమ్ము వృథా కాదు.