నా వ్యాపకాలే నా పరిచయం

(రాజమండ్రిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పరిచయం చేసుకోమన్నారు. మన సభల్లో ఆడవాళ్ళు సాధారణంగా పేరు, ఊరు, ఆయనగారి ఉద్యోగం, పిల్లల చదువులు చెప్పి కూర్చుంటారు. "మరి మీరేం చేస్తుంటారు?" అంటే "ఏముందండీ, ఇంట్లోనే" అంటారు. ఇవాళ నేను ఆయన్నీ పిల్లల్నీ పక్కన పెట్టి నా వ్యాపకాలతో పరిచయం చేసుకుంటాను. హక్కుల గురించి మాట్లాడుకునే చోట ఈ హాబీల గొడవేమిటని అనుకోకండి. సంబంధం ఉంది. అక్కడికే వస్తాను.

మాది కోనసీమ. ముప్పై ఏళ్ళు బళ్ళో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు రాజమండ్రిలో ఉంటున్నాను. తెల్లారగానే సైకిలెక్కుతాను. కడియం నర్సరీల నుంచి తెచ్చిన మొక్కలు డాబా మీద నలభై దాకా ఉన్నాయి. అంటు కట్టడం అక్కడ కూలికి వచ్చే ఆడవాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను. వారానికి రెండు రోజులు గౌతమీ గ్రంథాలయానికి వెళ్తాను. సాయంత్రం హార్మోనియం ముందు కూర్చుంటాను. పల్లెలకు వెళ్ళినప్పుడల్లా పెద్దవాళ్ళ చేత నాట్ల పాటలు, పెళ్ళి పాటలు పాడించుకుని రాసుకుంటాను. పదకొండు నోటుబుక్కులు నిండాయి. ఈత మాత్రం యాభై దాటాక నేర్చుకున్నాను. చుట్టూ కాలవలే ఉన్న ఊళ్ళో పుట్టాను గానీ, మగపిల్లలు వంతెన మీంచి దూకుతుంటే గట్టున నిలబడి వాళ్ళ చొక్కాలు కాపలా కాయడమే చిన్నప్పుడు నా వంతు.

"ఇన్నిటికీ మీకు టైమెక్కడిదండీ?" అని అందరూ అడుగుతారు. పేకాట క్లబ్బుకు వెళ్ళే మగవాళ్ళను ఈ ప్రశ్న అడగ్గా నేను వినలేదు. అయినా జవాబు చెప్పాలి. నాకు పెన్షనుంది. పిల్లలు ఎవరి దారిన వాళ్ళున్నారు. అంట్లు తోమడానికి ఒకావిడ వస్తుంది. నేను హార్మోనియం వాయించే గంటలో ఆవిడ మరో రెండిళ్ళ పని ముగిస్తుంది. నా తీరికలో ఆవిడ శ్రమ కూడా కలిసి ఉంది. ఆవిడకు ఏ పాటలిష్టమో ఎవరూ అడగరు.

2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే లెక్క చూడండి. ఇంటి పనులు చేసే వాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు వాటికి వెచ్చిస్తున్నారు. మధ్య తేడా మూడు గంటల పైమాటే. ఒక పుస్తకం, ఒక ఆట, ఒక పాట, ఒక కునుకు, అన్నీ ఆ మూడు గంటల్లోనే పోతున్నాయి.

నా వ్యాపకాల్లో ఇంకొకటి చెప్పలేదు. లేసు అల్లుతాను. ఆ పని మా పిన్ని నేర్పింది. సఖినేటిపల్లి రేవు దాటితే నరసాపురం. ఆవిడ అత్తవారిల్లు అటువైపే. నా చేతిలోనూ ఆవిడ చేతిలోనూ ఉన్నది ఒకటే సూది, ఒకటే దారం. నాకు బుద్ధి పుట్టినప్పుడు అల్లుతాను. ఆవిడ ఏజెంటు వచ్చే రోజుకు పూర్తి చేసి తీరాలి. కానీ లోకం ఇద్దరి పనికీ ఒకటే పేరు పెట్టింది: ఆడవాళ్ళ కాలక్షేపం.

ఈ పేరు వెనక ఉన్న మోసాన్ని జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా చూపించారు. నరసాపురం చుట్టుపక్కల పేద స్త్రీలు ఇంటిచాకిరీ కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లేవారు. చేతిపని ఒకరిది, అతుకుపని ఒకరిది, కాజాకుట్టు ఒకరిది. సరుకు విదేశాలకు పోయేది. లాభం ఎగుమతి వ్యాపారులకు చేరేది. అల్లిన మనిషికి రోజుకు రూపాయి కూడా గిట్టేది కాదు. వీళ్ళు కార్మికులు కారు, ఇంట్లో ఖాళీగా కూర్చున్న గృహిణులు, ఏదో తోచక అల్లుకుంటున్నారు అనడం వల్లనే ఇదంతా సాగింది. కార్మికురాలు కానప్పుడు కనీస వేతనం ఏమిటి, సంఘం ఏమిటి!

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు ముందు ఏడాది ఆత్రేయపురం పూతరేకులకు వచ్చింది. బోర్లించిన కుండ మీద, మంట సెగకు ఎదురుగా కూర్చుని ఆ రేకులు తీసేది కూడా ఆడవాళ్ళే. సంతోషం. అయితే ఆ గుర్తింపు సరుకు పేరును కాపాడుతుంది. చేసిన చేతికి ఎంత ముట్టాలో చెప్పదు. అది అడగాల్సింది మనం.

కాబట్టి మనం రెండు మాటలు ఒకేసారి అనాలి. శ్రమను కాలక్షేపం అంటే ఒప్పుకోం. నిజమైన కాలక్షేపాన్ని మాకు లేకుండా చేసినా ఒప్పుకోం. విశ్రాంతి, తీరిక మనిషి హక్కులని 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం చెప్పింది. ఆటల్లో, వినోదాల్లో, సాంస్కృతిక జీవితంలో స్త్రీలకు సమాన హక్కుందని 1979లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన స్త్రీల వివక్ష నిర్మూలన ఒప్పందం 13వ అధికరణం చెప్పింది. మన దేశం 1993లో దాన్ని ధ్రువీకరించింది.

స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మిత్రులకు ఒక మాట. ఒక అమ్మాయి బొమ్మలు బాగా వేస్తుందనగానే "దీన్ని ఆదాయ కార్యక్రమం చేద్దాం" అంటున్నాం. సంపాదన అవసరమే, కాదనను. కానీ ప్రతి ఇష్టాన్నీ రాబడి లెక్కలోకి లాగితే ఆ అమ్మాయికి తనదంటూ ఏం మిగులుతుంది? మన సంఘాల మీటింగులు సైతం ఆడవాళ్ళకు దొరికే ఆ కాస్త తీరికనే తినేస్తున్నాయి. ఆ సమయానికి ఇంట్లో వంట ఎవరు చేస్తున్నారో మనం అడుగుతున్నామా?

వచ్చే మూడు నెలల్లో మీ మీ ఊళ్ళలో మూడు విషయాలు చూడండి. గ్రంథాలయం ఆడవాళ్ళకు వీలైన వేళ తెరిచి ఉంటుందా? బడి మైదానంలో ఆడపిల్లలు ఆడుతున్నారా, అంచున కూర్చుని చూస్తున్నారా? లేసు అల్లే, పూతరేకులు చేసే స్త్రీకి గంటకు ఎంత పడుతోంది? రాసుకుని రండి. అవే మన తర్వాతి సమావేశంలో చర్చించాల్సిన విషయాలు.

సెలవు.